రాత్రి పదింటికి బస్సు దిగాక: విశాఖలో ఒంటరిగా నడిచి ఇల్లు చేరడం ఎలా

తొమ్మిదేళ్లు మహారాణిపేటలో ఒక ల్యాబ్‌లో సెకండ్ షిఫ్ట్ చేశాను. షిఫ్ట్ దిగి, బస్సు పట్టుకుని, కంచరపాలెం మెట్టు దగ్గర దిగేసరికి పది, పదింపావు అయ్యేది. అక్కడి నుంచి కొండవాలున ఉన్న మా ఇంటికి ఏడు నిమిషాల నడక. షిఫ్ట్ మొత్తానికి నేను పడే టెన్షన్ ఒక ఎత్తు, ఆ ఏడు నిమిషాలకి మా అమ్మ పడే టెన్షన్ ఒక ఎత్తు.

‘రాత్రిపూట బయట తిరగకు’ అని చాలామంది చెప్పారు. దాన్ని నేను సలహా కింద లెక్కవేయను. కేజీహెచ్‌లో నర్సు, జగదాంబ జంక్షన్‌లో బట్టల కొట్టు సేల్స్ గర్ల్, స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్ట్ దిగే మనిషి, రుషికొండ ఐటీ కొండ మీద పనిచేసే పిల్లలు... వీళ్లంతా ఏ వేళకైనా ఇంటికి చేరాలి కదా. పైగా మన ఊరు తూర్పున ఉంది. హైదరాబాద్ కంటే సుమారు ఇరవై నిమిషాల ముందే పొద్దు గుంకుతుంది. నవంబరు నెలాఖరులో అయిదున్నర కాకముందే సూర్యాస్తమయం అయిపోతుంది. చీకట్లో నడవకుండా ఉద్యోగం చేయడం విశాఖలో కుదిరే పని కాదు.

అందుకే ఎలా నడవాలో రాస్తున్నాను. ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకునే రాశాను గానీ, ఇందులో సగానికి పైగా సంగతులు మగవాళ్లకూ పనికొస్తాయి. ఫోన్లు లాక్కెళ్లేవాళ్లు మగా ఆడా చూడరు. నా లెక్కలో బ్యాగులో ఏం పెట్టుకున్నామన్నది రెండో సంగతి. దారిలో మనల్ని ఎరిగినవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది మొదటిది.

1. ముందు దారిని చదవండి

కొత్త ఇంట్లోకి గానీ హాస్టల్లోకి గానీ మారిన మొదటి వారంలోనే ఈ పని చేయండి. బస్సు దిగే చోటు నుంచి గుమ్మం దాకా పగలొకసారి నడవండి. తర్వాత మీరు రోజూ వచ్చే వేళకే, ఇంట్లోవాళ్లనో స్నేహితురాలినో తోడు తీసుకుని ఇంకోసారి నడవండి. ఒకే రోడ్డు ఈ రెండు వేళల్లో రెండు రకాలుగా ఉంటుంది.

మా దారి చెబుతాను, మీ దారిలో ఏం చూడాలో తెలుస్తుంది. బస్టాపు దగ్గర ఇడ్లీ బండి, పదకొండింటి దాకా ఉంటుంది. పక్కనే మెడికల్ షాపు, పదిన్నరకి షట్టర్ వేస్తారు. తర్వాత ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని వెనక సందు. అక్కడ లైటు వెలుగు పడదు. ఆ తర్వాత గెడ్డ, అంటే వాననీళ్లు పారే కాలవ, దాని మీద చిన్న కల్వర్టు. పగలు చూసినప్పుడు తెలిసింది, కల్వర్టుకి ఎడమపక్క పలక ఒకటి విరిగి, కాలు దిగేంత సందు ఉందని. రాత్రి అది రోడ్డులాగే కనబడుతుంది. కల్వర్టు దాటాక అమ్మవారి గుడి, గుడికి ఎదురుగా అరుగున్న ఇల్లు. అరుగు మీద ఒక ముసలాయన పదకొండింటి దాకా రేడియో పెట్టుకుని కూర్చుంటాడు. అక్కడి నుంచి ముప్పై మెట్లు ఎక్కితే మా గేటు.

ఇందులో నేను గుర్తు పెట్టుకున్నవి మూడు: ఎవరో ఒకరు మెలకువగా ఉండే చోట్లు, వెలుగు లేని చోట్లు, కాలికి ప్రమాదమైన చోట్లు. మీరూ అంతే. పార్క్ చేసిన లారీల వరస ఉంటే అది కూడా రెండో లెక్కలోకే వస్తుంది. రెండు లారీల మధ్య ఎవరున్నారో దగ్గరికి వెళ్లేదాకా తెలీదు.

వైన్ షాపు సంగతి వేరుగా చెప్పాలి. మన దగ్గర అవి రాత్రి పదింటికి మూస్తారు. మూసే వేళకే అక్కడ గుంపు ఎక్కువ. మీరు దాటే సమయం తొమ్మిదీ యాభై నుంచి పదింపావు మధ్య పడితే, ఆ కాసేపూ బస్టాపులోనే ఆగండి, లేదా అవతలి వైపు నుంచి పోండి.

రెండు దారులుంటే వెలుగున్న దారే మీ దారి, అది పొడుగైనా సరే. ట్రాన్స్‌ఫార్మర్ వెనక సందు నాకు రెండు నిమిషాలు కలిసొచ్చేది. తొమ్మిదేళ్లలో రాత్రిపూట దాన్ని వాడింది మొదటి నెల మాత్రమే.

లైటు వెలగకపోతే ‘ఎవరో చెబుతారులే’ అనుకోకండి, అందరూ అలాగే అనుకుంటారు. స్తంభం మీది నంబరు ఫొటో తీసి, పక్కింటి గుర్తు రాసి, వార్డు సచివాలయంలో ఇవ్వండి. నలుగురి సంతకాలు ఉంటే ఇంకా మంచిది. స్తంభం నంబరు లేకుండా ‘గుడి దగ్గర లైటు’ అని రాస్తే, వచ్చిన మనిషి ఏ గుడి అని వెతుక్కుంటాడు.

2. మిమ్మల్ని ఎరిగినవాళ్లను సంపాదించుకోండి

ఇది ఏ యాప్‌లోనూ దొరకదు. దీనికి పెట్టుబడి వారానికి రెండు ప్లేట్ల ఇడ్లీ.

ఇడ్లీ బండి అక్కని మొదట పలకరించింది నేనే. ‘అక్కా, రోజూ ఈ టైముకి బస్సు దిగుతాను, మా ఇల్లు మెట్ల మీద’ అని చెప్పాను. నెల తిరిగేసరికి ఆవిడే అడగడం మొదలుపెట్టింది: ‘ఏటమ్మా, ఇయ్యాల లేటైపోయిందేటి?’ ఆ ఒక్క ప్రశ్నకి నేను ఎంత విలువ కడతానో చెప్పలేను. నేను రాకపోతే ఈ ఊళ్లో మా అమ్మ కాక ఇంకో మనిషికి తెలుస్తుంది.

మెడికల్ షాపు అబ్బాయి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఆటో స్టాండులో రాత్రి బళ్లు వేసే పెద్దాయన, అరుగు మీద తాతగారు: ఇలాంటివాళ్లు నలుగురు చాలు. స్నేహాలు చేయక్కర్లేదు. ‘తిన్నారా అన్నయ్యా?’ అంటే చాలు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఏ రోజు ఒక్కరే ఉంటారు లాంటివి మాత్రం ఎవరికీ చెప్పొద్దు. మీ ముఖం తెలియాలి, మీ ఇంటి లెక్కలు కాదు.

3. ఫోన్‌ని ఇంట్లో కూర్చుని సిద్ధం చేయండి

చీకట్లో, వణికే చేత్తో సెట్టింగులు వెతకలేం. ఈ రోజే చేసేయండి.

ముందుగా 112. దేశమంతటికీ ఒకే అత్యవసర నంబరు ఇది. 181 మహిళల హెల్ప్‌లైన్, 108 అంబులెన్సు, రైల్లోనో స్టేషన్లోనో ఇబ్బందైతే 139. ఇవన్నీ మీ ఫోన్లో పేర్లతో సేవ్ చేసుకోండి. ఇంట్లోవాళ్లది ఒక్క నంబరైనా కంఠతా వచ్చి ఉండాలి. ఫోనే పోతే అందులోని కాంటాక్టులు ఎందుకు పనికొస్తాయి?

రెండోది పవర్ బటన్. ఐఫోన్లో మూడుసార్లు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అయిదుసార్లు వెంటవెంటనే నొక్కితే అత్యవసర కాల్ వెళ్తుంది. మీ ఫోన్లో ఎలా ఉందో సెట్టింగుల్లో ‘ఎమర్జెన్సీ’ అని వెతికి చూసుకోండి, మీ వాళ్ల నంబర్లు అక్కడే పెట్టుకోండి.

మూడోది శక్తి యాప్. 2020లో మన రాష్ట్రంలో దిశ యాప్ వచ్చింది. దాని స్థానంలో 2025 మార్చిలో ప్రభుత్వం తెచ్చింది ఇది. ఎస్ఓఎస్ నొక్కితే మీరున్న చోటు పోలీసులకి చేరుతుంది. పాత దిశ ఐకాన్ ఇంకా ఫోన్లో పెట్టుకుని ధైర్యంగా తిరిగేవాళ్లని చూశాను. ఒకసారి సరిచూసుకోండి.

నాలుగోది వాట్సాప్ లైవ్ లొకేషన్. పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు అని మూడు ఉంటాయి. గంట పెట్టండి. బస్సెక్కగానే పెడితే ఇల్లు చేరేదాకా సరిపోతుంది. ఎనిమిది గంటలది పెడితే చూసేవాళ్లకి విసుగొస్తుంది, మూడో రోజుకి చూడటం మానేస్తారు. అది మనుషుల స్వభావం, తప్పు పట్టలేం.

ఛార్జింగ్ ముప్పై శాతం ఉండగానే షిఫ్ట్ దిగాలి. రీల్స్ బస్సులో చూసేస్తే నడకకి బ్యాటరీ మిగలదు.

4. ఒంటి మీద, చేతిలో

పరిగెత్తగలిగే చెప్పులు. ఇంతకు మించి చెప్పక్కర్లేదు. హీల్స్ ఆఫీసు డ్రాయర్లో వదిలేయండి.

పుస్తెలతాడో గొలుసో ఉంటే జాకెట్ లోపలికి పోనిచ్చి, పైన చున్నీ కప్పుకోండి. బ్యాగు రోడ్డు వైపు భుజానికి కాకుండా గోడ వైపు భుజానికి వేసుకోండి. ఫోన్, డబ్బులు, తాళంచెవి ఒకే బ్యాగులో పెడితే అది పోయిన రోజున మూడూ పోతాయి. నేను తాళంచెవి, రెండు వందల నోటు వేరే జేబులో పెట్టేదాన్ని.

చిన్న టార్చి కొనుక్కోండి. ఫోన్ లైటు వేస్తే ఫోన్ చేతిలో ఉందని అందరికీ చూపించినట్టే.

పెప్పర్ స్ప్రేకి లైసెన్సు అక్కర్లేదు. కొన్నాక ఒకసారి మేడ మీద కొట్టి చూడండి, ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. గాలి ఎటుందో చూసుకోకుండా బీచ్ రోడ్డు మీద కొడితే మన కళ్లలోనే పడుతుంది. బ్యాగు అడుగున, టిఫిన్ బాక్సు కింద ఉంటే అది ఉన్నా లేనట్టే. కారప్పొడి పొట్లం సంగతి మా మేనత్త చెప్పేది. పొట్లం విప్పేంత టైము ఎవడిస్తాడు?

5. బస్సు, ఆటో, రైలు

బస్సు ఉన్నంతవరకూ బస్సే నయం. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు దగ్గరుంచుకుంటే చాలు. చివరి బస్సు ఎప్పుడో కండక్టర్‌నే అడిగి తెలుసుకోండి. దాని ముందు బస్సునే మీ చివరి బస్సు అనుకోండి.

షేర్ ఆటో ఎక్కే ముందు లోపల ఎవరున్నారో చూడండి. ఖాళీ ఆటోలో మీరొక్కరే, ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఇంకో మనిషి ఉంటే ఎక్కొద్దు. ‘వెనకాల మా వాళ్లు వస్తున్నారు, మీరు పదండి’ అంటే సరిపోతుంది, వివరాలు చెప్పక్కర్లేదు. ఎక్కాక నంబరు ప్లేట్ ఇంటికి పంపండి. పంపుతున్నట్టు డ్రైవర్‌కి తెలిసేలా ఫోన్లో ‘అమ్మా, ఆటో నంబరు పెట్టాను చూడు’ అనండి. ఇంటి ముందు కాదు, ఒక సందు ముందే దిగండి, ఆ సందు వెలుగుగా ఉంటేనే.

విశాఖ స్టేషన్లో అర్ధరాత్రి దాటి దిగితే తెల్లవారేదాకా వెయిటింగ్ రూమ్‌లో ఉండిపోవడం పరువు తక్కువేం కాదు. బయటికి రావాల్సి వస్తే ఒకటో ప్లాట్‌ఫాం వైపు గేటు నుంచి రండి, జ్ఞానాపురం వైపు కంటే అక్కడ సందడి ఎక్కువ.

6. నడిచేటప్పుడు

ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకి కుడిపక్కన నడవండి. అప్పుడు బళ్లు మీకు ఎదురుగా వస్తాయి. గొలుసు లాగేవాడు సాధారణంగా వెనక నుంచి, బండి మీద వస్తాడు. ఎదురుగా వచ్చేవాడిని మీరు ముందే చూస్తారు.

ఇయర్‌ఫోన్స్ తీసేయండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను. రాత్రిపూట కళ్ల కంటే చెవులే ముందు చెబుతాయి. ఒక చెవికి పెట్టుకుంటా అంటారు పిల్లలు. పాట వింటున్న మనసు సగం అక్కడే ఉంటుంది.

మూలమలుపు దగ్గర గోడని ఆనుకుని తిరగొద్దు, నాలుగడుగులు దూరంగా తిరగండి. ఎదురొచ్చినవాళ్ల ముఖంలోకి ఒక్క క్షణం చూడండి. తల వంచుకుని పోవాలని మనకి చిన్నప్పటి నుంచి నేర్పారు గానీ, తల వంచుకుంటే కనబడేది మన కాళ్లే. తాళంచెవి గేటు దగ్గరికొచ్చాక వెతకడం కాదు, మెట్లు ఎక్కేటప్పుడే చేతిలో ఉండాలి.

7. వెనకాల ఎవరో వస్తున్నారనిపిస్తే

కార్తీక మాసంలో ఒక రాత్రి. బస్సు దిగి పది గజాలు నడిచానో లేదో వెనక బండి శబ్దం. దగ్గరకొచ్చింది. దాటిపోవాలి కదా, దాటలేదు. ఇంజను అలాగే గుర్‌మంటూ నా నడకతో పాటే వస్తోంది. వీపు మీద చెమట పట్టింది. నేను రోడ్డు దాటాను. బండి యూ టర్న్ కొట్టింది. అప్పుడు తెలిసిపోయింది.

ఇంటికి పరిగెత్తాలని కాళ్లు లాగుతున్నాయి. ఇల్లు ఇంకా ఆరేడు నిమిషాలు, మధ్యలో కల్వర్టు దగ్గర చీకటి. మెడికల్ షాపు వెనకాల ముప్పై అడుగుల్లో ఉంది. వెనక్కి తిరిగి, బండి పక్క నుంచే నడిచి, షాపు కౌంటర్ దగ్గరికెళ్లి ‘ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇవ్వండి’ అన్నాను. గొంతు వణికింది కాబోలు, షాపు అబ్బాయి ప్యాకెట్ ఇవ్వలేదు. నన్ను చూశాడు, రోడ్డు చూశాడు, కౌంటర్ తలుపు తీసి బయటికొచ్చి నిలబడ్డాడు. అంతే, బండి వెళ్లిపోయింది. తమ్ముడు వచ్చేదాకా అక్కడే స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

ఆ రాత్రి చేసిన పనులనే వరసగా చెబుతాను.

మొదట నిర్ధారించుకోండి. రోడ్డు దాటండి, లేదా ఆగి చెప్పు సర్దుకున్నట్టు వంగి వెనక్కి చూడండి. అవతలి మనిషి కూడా దాటితే, ఆగితే ఇంక అనుమానం లేదు. దాటిపోతే మన భయం మనది, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇంటికి వెళ్లకండి. వెలుగు, మనుషులు ఉన్న చోటికి వెళ్లండి, వెనక్కి నడవాల్సొచ్చినా సరే. మీ ఇల్లు ఏదో వాడికి చూపించకూడదు.

వెళ్తూనే ఫోన్ చేయండి. 112కి చేస్తే మొదటి మాట మీరున్న చోటు: ‘కంచరపాలెం మెట్టు, బస్టాపు పక్క మెడికల్ షాపు’. తర్వాత సంగతి. మధ్యలో కాల్ కట్ అయినా చోటు చేరిపోయి ఉంటుంది. మన ఊళ్లో డోర్ నంబర్ల కంటే జంక్షన్, గుడి, స్కూలు పేర్లే త్వరగా అర్థమవుతాయి.

దగ్గరికి వచ్చేస్తే తిరిగి నిలబడి, గట్టిగా: ‘ఎవరు నువ్వు? ఎందుకు నా వెనకాల వస్తున్నావ్?’ ‘అండీ’ అక్కర్లేదు. కిటికీలు తెరుచుకునేలా అరవాలి. జనం ఉంటే ‘ఎర్ర చొక్కా, నల్ల బండి, నా వెంట పడుతున్నాడు’ అని గుర్తులతో చెప్పండి. ఒట్టి అరుపు వింటే ఇంటి గొడవనుకుని ఊరుకుంటారు. ‘దొంగ, దొంగ’ అంటే మా వీధిలో అయితే కర్రలతో దిగుతారు.

బ్యాగు కోసమో గొలుసు కోసమో వస్తే వదిలేయండి. బండి మీద ఉన్నవాడితో గుంజులాట పెట్టుకుంటే మనం ఈడ్చుకుపోతాం. ఒంటి మీద చెయ్యేస్తే మాత్రం వేరే లెక్క: కళ్లు, ముక్కు, గొంతు, మోకాలు, ఎక్కడ అందితే అక్కడ కొట్టి, వదిలించుకుని, పరుగు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో రాసి ఉంది. గెలవాలని చూడొద్దు, తప్పించుకుంటే చాలు.

8. కుక్కలు, గెడ్డలు, వాన

మనుషుల భయం గురించే మాట్లాడతాం గానీ, తొమ్మిదేళ్లలో నన్ను నిజంగా కరిచింది కుక్కే. గుంపు ఎదురైతే పరిగెత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు. ఆగి, బ్యాగు అడ్డం పెట్టుకుని, మెల్లగా పక్కకి జరగండి. కరిస్తే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం రాయొద్దు. గీరుకుపోయినా సరే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. తర్వాతి డోసులు కూడా ఒక్కటీ మానకూడదు.

వానాకాలంలో గెడ్డ పొంగితే రోడ్డేదో కాలవేదో తెలీదు. నీళ్లు కదులుతుంటే దిగొద్దు. మోకాలి లోతైనా లాగేస్తాయి. కొండవాలు కాలనీల్లో వాన వెలిశాక మెట్ల మీద పాములుంటాయి, ప్రతి మెట్టూ టార్చి వేసి చూడండి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున పర్మిషన్ పెట్టి వెలుతురుండగానే వచ్చేయండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత కరెంటు లేని రాత్రులు చూసినవాళ్లకి ఈ మాట చెప్పక్కర్లేదు.

9. బీచ్ రోడ్డు

ఆర్కే బీచ్ రోడ్డు మీద జనం ఉన్నంతసేపు నడవండి, బాగుంటుంది. ఇసుకలోకి మాత్రం చీకటి పడ్డాక దిగొద్దు. అక్కడ అరిచినా అలల హోరులో రోడ్డు మీదికి వినబడదు. నీళ్ల దగ్గరికి అసలే వద్దు, మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు పగలే మనుషుల్ని మింగేస్తున్నాయి. జోడుగుళ్లపాలెం అవతల రోడ్డు త్వరగా ఖాళీ అవుతుంది. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ రాత్రి ఆ రోడ్డంతా జనమే. ముప్పై రెండు కిలోమీటర్లు ఆడవాళ్లు, ముసలివాళ్లు తెల్లవార్లూ నడుస్తారు, దారి పొడవునా మజ్జిగ పంచుతుంటారు. అది చూసి ‘ఏం భయం లేదు’ అనుకుని మర్నాడు అదే వేళకి ఒక్కరే వెళ్తే రోడ్డు వేరేగా ఉంటుంది.

10. జరగకూడనిది జరిగితే

ముందు వెలుగులోకి, మనుషుల మధ్యకి రండి. తర్వాత 112. గుర్తున్నవి వెంటనే ఫోన్లో వాయిస్ రికార్డ్ చేయండి: బండి రంగు, చొక్కా, ఎటు పోయాడు. నంబరులో ఏపీ 31, ఏపీ 39 ఊరందరికీ ఉండేవే, చివరి నాలుగు అంకెలు పట్టుకోండి.

‘ఇది మా స్టేషన్ పరిధి కాదు’ అంటే ఒప్పుకోవద్దు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్లో ఇది ఉంది. లైంగిక నేరాల్లో బాధితురాలి మాటలు మహిళా అధికారే రాసుకోవాలి. వద్దన్నా పదే పదే వెంటపడటం న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం: మొదటిసారి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే అయిదేళ్ల దాకా శిక్ష. గొలుసో ఫోనో లాక్కుపోతే అదే సంహితలో 304వ సెక్షన్. ఫిర్యాదు కాపీ అడిగి తీసుకోండి, అది ఉచితం.

ఫోన్ పోతే ముందు బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి. తర్వాత సిమ్ బ్లాక్ చేయించి, సంచార్ సాథీ పోర్టల్లో ఫోన్‌ని కూడా బ్లాక్ చేయండి. దానికి ఐఎంఈఐ నంబరు, అంటే ఫోన్‌కి ఉండే గుర్తింపు సంఖ్య కావాలి. ఇప్పుడే *#06# కొట్టి, వచ్చిన నంబరు డైరీలో రాసి పెట్టుకోండి. ఖాతాలో డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

ఇంట్లో ఎదురుచూసేవాళ్లకి

నడిచే మనిషికి అయిదుసార్లు ఫోన్ చేయకండి. చీకట్లో మోగే, వెలిగే ఫోన్ దొంగకి దీపం పట్టినట్టే. మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి ఇది: బస్సు దిగగానే ‘దిగాను’ అని ఒక్క మెసేజ్. అది రాగానే అమ్మ గేటు లైటు వేస్తుంది. పదిన్నరకి గేటు చప్పుడు కాకపోతే తమ్ముడు టార్చి తీసుకుని, నేను వచ్చే దారినే ఎదురు నడుస్తాడు, ఇడ్లీ బండి దాకా. వేరే దారిన రాకూడదు. వాడూ, నేనూ. ఆలస్యమైతే ‘ఎందుకైంది’ అనే ప్రశ్న అన్నం తిన్నాకే. ఏదైనా జరిగిందని చెప్పినప్పుడు ‘అందుకే ఉద్యోగం మానేయమన్నాను’ అంటే, ఇంకోసారి జరిగినా ఆ పిల్ల చెప్పదు.

నేను పగటి షిఫ్ట్‌కి మారి ఏడాది దాటింది. మా పై వాటాలో ఉండే అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ డ్యూటీ దిగి పదింటి బస్సుకి వస్తుంది. ‘దిగాను ఆంటీ’ అని మెసేజ్ అమ్మ ఫోన్‌కే వస్తుంది. అమ్మకి చదవడం రాదు, ఆ చప్పుడు వినగానే లేచి వెళ్లి లైటు వేస్తుంది.